ధర్మకాంట డబ్బాల ఎమ్మారై లైబ్రరీ ఎందుకొచ్చింది? ప్యాకేజీ విడగొట్టాల్నా వద్దా?

ధర్మకాంట_తమ్మి

మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లులకు కాంటా సాఫ్ట్‌వేర్ రాసిస్త. పైథాన్‌ల ఉంటది. ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్ట్ మీద బరువు చదువుతది, స్లిప్ కొడుతది. మొదట గంతే ఉండె. తర్వాత ఒక ఓనర్ లారీ నంబర్ కెమెరాతోని పట్టాలన్నడు, బొమ్మలు చదివే లైబ్రరీ ఓపెన్‌సీవీ పెట్టిన. ఇంకొకాయన నెలాఖరు లెక్క తెలుగుల పీడీఎఫ్ కావాలన్నడు, లిబ్రేఆఫీస్ పెట్టిన. ఆఫీసు రూంల కూసోని చూసుకునేతందుకు పైక్యూటీ (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) స్క్రీన్ ఒకటి. అన్నీ కలిపి ఒక్కటే డెబ్ ఫైలు (డెబియన్ లినక్స్ ప్యాకేజీ). పేరు 'కాంటా'.

మొన్న కొత్త మిల్లుల డబ్బా (చిన్న కంప్యూటర్) పెట్టిన. డెబియన్ 12, మానిటర్ లేదు, కెమెరా లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇన్‌స్టాల్ కొడితే వందల ఎంబీలు దిగుడు మొదలైంది. బయట వడ్ల లారీలు లైన్ కట్టినయి, గుమస్తా నా మొఖం చూస్తుండు. చేసేదేం లేక దిగే లిస్టు చదువుకుంట కూసున్న. అండ్ల జీడీసీఎం అని ఒకటుంది. వెతికితే అది డైకామ్ లైబ్రరీ అట, దవఖానల సీటీ, ఎమ్మారై స్కాన్ బొమ్మలు చదివేది. జీడాల్ అని ఇంకోటి, మ్యాపులది. దాని ఎనుక మరియాడీబీ క్లయింటు, పోస్ట్‌గ్రెస్ క్లయింటు. వడ్ల బరువు చూసేతందుకు ఇవన్నీ ఏందన్నా?

నాలుగు ముక్కలు చేయాల్నా? చేస్తే ఎక్కడ ఆగాలె? ఇప్పటికే పదకొండు మిల్లులల్ల నడుస్తుంది, సీజన్ల ఆగం కావొద్దు.

పాలమూరు_పెంగ్విన్

పెండ్లికి పోతూ పిల్లిని చంకల పెట్టుకున్నట్టుంది. నాలుగు ముక్కలు చెయ్, అయిపాయె.

ఊరపిచ్చుక

చెయ్యకు. ఒక్కసారి విడగొడితే జన్మంత మోయాలె. డిపెండ్స్‌ల ఉన్న ఓపెన్‌సీవీని రికమెండ్స్‌లకు మార్చు, కొత్త మిల్లుల నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ పెట్టి కొట్టు. ఐదు నిమిషాల పని.

ధర్మకాంట_తమ్మి

పిచ్చుకన్నా, డిపెండ్స్, రికమెండ్స్ తేడా నాకు పైపైన్నే తెలుసు. ఇంకోటి, నాలుగు ముక్కలంటే నాలుగు గిట్ రెపోలు (కోడ్ దాచే గూళ్ళు) పెట్టాల్నా? గంత ఓపిక లేదు.

ప్యాకేజీ_పంతులు

రెపోలు నాలుగు అక్కర్లేదు. అది చాలామందికి ఉండే అపోహ. సోర్స్ ఒక్కటే, దాని నుంచి బైనరీ ప్యాకేజీలు ఎన్నయినా తీయొచ్చు. ప్యాకేజీల వివరాలు రాసే కంట్రోల్ ఫైల్లో ఇంకో ప్యాకేజీ పేరా రాసి, ఏ ఫైలు ఎందులోకి పోవాలో ఒక్కోదానికి ఇన్‌స్టాల్ ఫైల్లో రాస్తే సరి. బిల్డ్ ఒకటే, వర్షన్ ఒకటే.

ఇక తేడా. అది లేకుంటే నీ ప్యాకేజీ చెప్పుకోదగ్గ పని ఏదీ చేయలేదంటే డిపెండ్స్. లేకున్నా నడుస్తుంది, కానీ మామూలుగా అందరి దగ్గరా రెండూ కలిసే ఉంటాయి అంటే రికమెండ్స్. ఉంటే ఇంకొంచెం బాగుంటుంది, లేకున్నా ఎవరూ అడగరు అంటే సజెస్ట్స్. 2009లో వచ్చిన డెబియన్ 5 నుంచి ఆప్ట్ (ప్యాకేజీలు దించే పనిముట్టు) రికమెండ్స్‌ను కూడా దానంతటదే దించుతోంది. అందుకే పిచ్చుక గారు చెప్పింది సగమే పనిచేస్తుంది. పదకొండు మిల్లుల్లో కెమెరా ఎన్నిట్లో ఉంది? రెండింట్లో ఉందనుకుందాం. తొమ్మిది మందికి అక్కర్లేనిదాన్ని 'మామూలుగా అందరి దగ్గరా ఉండేది' అనడం అబద్ధం. అది సజెస్ట్స్ అవ్వాలి, లేదా విడి ప్యాకేజీ అవ్వాలి.

గిట్‌ను చూడు. గిట్ అనే ప్యాకేజీలో అసలు పని ఉంటుంది. గిట్‌కే, గిట్-గుయ్ వేరు, ఎందుకంటే వాటికి టీకే అనే కిటికీలు గీసే లైబ్రరీ కావాలి. గిట్-ఎస్‌వీఎన్ వేరు, దానికి సబ్‌వర్షన్ (గిట్ లాంటి పాత పనిముట్టు) పెర్ల్ లైబ్రరీ కావాలి. సర్వర్ మీద గిట్ వేసుకునేవాడికి సబ్‌వర్షన్ ఎందుకు? ఆ ఫైళ్ళు చిన్నవే. ఫైలు సైజు చూసి విడగొట్టలేదు, దాని వెనక వచ్చే చుట్టాలను చూసి విడగొట్టారు.

పిల్లలమర్రి_పోరడు

చుట్టాలు కాదు పంతులుగారూ, ఊడలు. మా మర్రికి ఎన్ని ఊడలో ఓపెన్‌సీవీకి అన్ని. మొదలు ఏదో పురాతత్వ శాఖోళ్ళే చెప్పాలె.

పాలమూరు_పెంగ్విన్

ఆ మర్రికి చెద పడితే సెలైన్ బాటిళ్ళు కట్టి మందు ఎక్కించిండ్రు 2018ల. మన తమ్మి డబ్బాకు ఏం ఎక్కించాలె?

సాగర్_ఎడమకాలువ

ఎవరు చెప్పినా వినేది లేదు, నేను ఆర్చ్ లినక్స్ మనిషిని. ఆర్చ్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్ళకే కావాల్సిన హెడర్ ఫైళ్ళు కూడా విడగొట్టరు, డెవ్ ప్యాకేజీ అనేదే ఉండదు. ఒక సాఫ్ట్‌వేర్, ఒక ప్యాకేజీ. ఎంత ప్రశాంతం! 128 జీబీ కార్డు ఎంతకొస్తుంది ఇప్పుడు? దానికోసం రాత్రిళ్ళు కంట్రోల్ ఫైళ్ళు రాసుకోవడం ఎందుకు?

గద్వాల_జరీ

కార్డు కొనొచ్చు. మిల్లు దగ్గర సిగ్నల్ కొనలేం కదా అన్నా.

సాగర్_ఎడమకాలువ

అది ఒప్పుకుంటా. మా దగ్గర డ్యామ్ మీద తప్ప ఎక్కడా నాలుగు గీతలు రావు.

బతుకమ్మ_బాష్

ఇద్దరూ జాగా గురించి, నెట్ గురించే మాట్లాడుతున్నరు. జాగా మూడో కారణం. డబ్బాల ఉన్న ప్రతి లైబ్రరీకి రేపు సెక్యూరిటీ అప్‌డేట్ వస్తది, అది ఎవరో ఒకరు వేయాలె. వాడని లైబ్రరీ గూడ దాడికి దారే.

2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్ళు కుదించే సాఫ్ట్‌వేర్, దాని లైబ్రరీనే లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ) సంగతి యాదికి తెచ్చుకోండ్రి. దూరం నుంచి లాగిన్ అయ్యేతందుకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రాసినోళ్ళు లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ వాడనే వాడరు. కానీ డెబియన్, ఫెడోరా లాంటివి 'సర్వీసు లేచింది' అని సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి ఒక్క మాట చెప్పేతందుకు ఎస్‌ఎస్‌హెచ్‌డీకి ప్యాచ్ వేసి లిబ్‌సిస్టమ్‌డీ తగిలిచ్చినయి. ఆ లిబ్‌సిస్టమ్‌డీకి జర్నల్ ఫైళ్ళ కంప్రెషన్ కోసం లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ కావాలె. అట్ల రెండు మెట్లు దిగి, ఎవ్వరూ అడగని లైబ్రరీ ఒకటి లాగిన్ గేటు కాడికి వచ్చి నిలబడ్డది. 5.6.0, 5.6.1 వర్షన్లల్ల దొంగ తలుపు పెట్టినోనికి గదే దారి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను లేటైతుందేందని తవ్వి పట్టుకున్నడు. మన అదృష్టం, డెబియన్ స్టేబుల్‌కు చేరలే.

తర్వాత ఏం జేసిండ్రు? ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ల ఆ ఒక్క మాట చెప్పే కోడ్ వాళ్ళే రాసుకున్నరు, లైబ్రరీ అక్కర్లేకుండ. సిస్టమ్‌డీ అయితే ఇది బయటపడకముందే కంప్రెషన్ లైబ్రరీలను అవసరం పడ్డప్పుడే డీఎల్‌ఓపెన్‌తోని (నడిచేటప్పుడు లైబ్రరీ తెరిచే పద్ధతి) తెరిచేటట్టు కోడ్ మార్చుకుంటున్నది. ప్యాకేజీని ముక్కలు చేయలే, లంకె తెంపిండ్రు. తమ్మీ, నువ్వు మొదట చూడాల్సింది గదే. విడగొట్టుడు తర్వాత.

ఊరపిచ్చుక

అక్కా, డీఎల్‌ఓపెన్‌తోని డిపెండెన్సీ కండ్లకు కనిపించకుండ పోతది. మామూలు లంకె అయితే డీపీకేజీ-ష్‌లిబ్‌డెప్స్ బైనరీని చూసి డిపెండ్స్ దానంతటదే రాస్తది. డీఎల్‌ఓపెన్ అయితే ఎవ్వనికీ తెల్వదు, చేతితోని రాయాలె. మరిచిపోతే గంతే.

బతుకమ్మ_బాష్

నిజమే. ఉచితంగ ఏదీ రాదు.

కల్వకుర్తి_కెర్నల్

ముక్కలు చేస్తే ఏమైతదో నేను తిన్న, చెప్త. పాత కంపెనీల (పేరొద్దు) ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉండె. మా టీంల ఒకాయనకు మాడ్యులర్ పిచ్చి. ఒక్క ప్యాకేజీని ఇరవై మూడు చేసిండు. 'పన్ను లెక్క' ఒకటి, 'రౌండ్ చేసుడు' ఒకటి. నవ్వకుండ్రి, నిజంగనే రౌండ్ చేసేతందుకు ఒక ప్యాకేజీ. డిపెండ్స్‌ల వర్షన్ రాయలే. ఒక కస్టమర్ దగ్గర అప్‌గ్రేడ్ సగంల కరెంటు పోయింది. లేచినాక పన్ను లెక్క కొత్తది, రౌండ్ చేసేది పాతది. సాఫ్ట్‌వేర్ నడిచింది, ఎర్రర్ రాలే. బిల్లుల పైసలు తప్పు వచ్చినయి. మూడు రోజులకు దొరికింది.

ఇంకోటి. ఫైలును ఒక ప్యాకేజీకెళ్ళి ఇంకోదాంట్లకు జరిపినప్పుడు బ్రేక్స్, రీప్లేసెస్ రాయాలె, ఫైలు జరిపిన కొత్త వర్షన్ కంటే తక్కువ అని. రాయకుంటే ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ 'ఇంకో ప్యాకేజీల ఉన్న ఫైలు మీద రాయబోతున్నవ్' అని మొత్తుకోని ఆగుతది. మా దగ్గర ఒక్క ఆదివారంల నలభై ఫోన్లు. గా ఇరవై మూడింటిల ఒక్కటి గూడ ఎవ్వడూ విడిగ వేసుకోలే ఎప్పుడూ. అన్నీ కలిసే పోయేటివి. మరి విడగొట్టుడెందుకు?

పాలమూరు_పెంగ్విన్

రౌండ్ చేసే ప్యాకేజీ!! 2016ల లెఫ్ట్-ప్యాడ్ అనే బుల్లి ప్యాకేజీ పదకొండు లైన్లు తీసేస్తే సగం జావాస్క్రిప్ట్ లోకం పడిపాయె. మీ కంపెనీ దానికి అన్న.

ప్యాకేజీ_పంతులు

కెర్నల్ చివరి మాట గట్టిది. నేను అడిగేదీ అదే: ఒకటి కావాలి, రెండోది వద్దు అనే నిజమైన మనిషి ఉన్నాడా? ఊహలో కాదు, ఫోన్ నంబర్ ఉన్న మనిషి. తమ్మికి ఉన్నాడు, ఆ కొత్త మిల్లు గుమస్తా.

వర్షన్ గొడవకు మందు తేలికే. ఒకే సోర్స్ నుంచి వచ్చే ముక్కలయితే 'మూల ప్యాకేజీ వర్షన్ దీనితో సరిసమానం' అని డిపెండ్స్‌లో రాయాలి. అప్పుడు పాతా కొత్తా కలిసి బతికే ముచ్చటే ఉండదు. సగంలో కరెంటు పోయినా ప్యాకేజీ కాన్ఫిగర్ కాకుండా ఆగుతుంది. తప్పు లెక్క కంటే ఆగిపోయింది నయం.

డెబియన్‌లోకి పంపేవాళ్ళకైతే ఇంకో ఖర్చు: కొత్త బైనరీ పేరు పుట్టిందంటే మళ్ళీ న్యూ క్యూలో (కొత్త ప్యాకేజీల వరుసలో) నిలబడాలి, ఎఫ్‌టీపీ మాస్టర్లు (డెబియన్ గోదాము చూసేవాళ్ళు) చూసి వదలాలి. తమ్మి సొంత రెపో కాబట్టి అది లేదు. ఇంకా, ప్రతి పేరూ ప్యాకేజీల సూచీలో చేరుతుంది, ఆప్ట్ అప్‌డేట్ కొట్టే ప్రతివాడూ ఆ సూచీ దించుకోవాలి. డెబియన్ 12లోనే 64 వేల పైచిలుకు ప్యాకేజీలున్నాయి మరి.

గద్వాల_జరీ

మన భాషకు విడగొట్టుడే మేలు చేసింది అని మరువొద్దు. బొమ్మలో అక్షరాలు చదివే టెసరాక్ట్ చూడండి, తెలుగు డేటా టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ అని విడిగా ఉంటుంది. వందకు పైగా భాషలు ఒక్కదాంట్లో కుక్కితే మన చీరల షాపులో పాత బిల్లులు స్కాన్ చేసుకునేవాడు అన్నీ దించుకోవాలి. ఫాంట్స్-ఇండిక్ వేస్తే బెంగాలీ నుంచి మలయాళం దాకా అన్నీ వస్తాయి, ఫాంట్స్-టెలు వేస్తే మనది మాత్రమే. కావాల్సినవాడికి మొత్తం మూట, చాలనుకున్నవాడికి ఒక్క గడ్డి పరక.

పిల్లలమర్రి_పోరడు

పాటలు, వీడియోలు ఆడించే జీస్ట్రీమర్ ప్లగిన్లు మర్చిపోయిండ్రు. గుడ్, బ్యాడ్, అగ్లీ అని మూడు. మా ఇంట్ల మేం ముగ్గురం అన్నదమ్ములం, పేర్లు సరిపోయినయి.

సాగర్_ఎడమకాలువ

నువ్వు ఏది?

పిల్లలమర్రి_పోరడు

అమ్మను అడగాలె.

ధర్మకాంట_తమ్మి

రాత్రి కూసోని చూసిన. 'ఆప్టిట్యూడ్ వై' అని కొట్టి జీడీసీఎం పేరిస్తే దారంత చెప్పింది: కాంటా, దాని కింద పైథాన్ ఓపెన్‌సీవీ, దాని కింద ఓపెన్‌సీవీ ఇమ్‌కోడెక్స్, దాని కింద జీడీసీఎం. బొమ్మలు తెరిచే ముక్కకు అన్ని రకాల బొమ్మలు తెరవాలె గదా, అందుకని స్కాన్లు, మ్యాపులు వచ్చినయి. అంటే ఆడ తప్పు లేదు, వాళ్ళకు ఏదో దవఖాన మనిషి ఉండొచ్చు.

పంతులుగారు చెప్పినట్టు కెమెరా ఫైళ్ళు రెండు తీసి 'కాంటా-కెమెరా' చేసిన. వర్చువల్ మిషన్ల ఒక్క 'కాంటా' ఇన్‌స్టాల్ చేసిన. మస్తు తొందరగ దిగింది. సర్వీసు స్టార్ట్ చేస్తే ఢమాల్. 'సీవీ2 అనే మాడ్యూల్ లేదు.' (సీవీ2 అంటే పైథాన్‌ల ఓపెన్‌సీవీనే.) చూస్తే బరువు చదివే ఫైల్ల గూడ మీద సీవీ2 ఇంపోర్ట్ ఉంది. స్లిప్పు మీద చిన్న లోగో బొమ్మ సైజు తగ్గిచ్చేతందుకు ఎప్పుడో వాడిన.

ఊరపిచ్చుక

హహహ. ఇల్లు విడిపోయింది గని పొయ్యి ఒక్కటే ఉంది.

బతుకమ్మ_బాష్

ఇదే నేను చెప్పాలనుకున్నది. కోడ్ విడిపోకుండ ప్యాకేజీ విడిపోదు. లోగోకు పిల్లో అనే చిన్న బొమ్మల లైబ్రరీ చాలు, అంతకన్న లోగోను ముందే చిన్నగ చేసి పెట్టుకుంటే ఏదీ అక్కర్లే.

ఇంకొక్క మాట, జాగ్రత్త. చాలామంది ఇక్కడ ట్రై పెట్టి, ఇంపోర్ట్ కాకుంటే పాస్ అని రాసేస్తరు. అట్ల చేయకు. కెమెరా ఉండాల్సిన మిల్లుల ప్యాకేజీ లేకుంటే సాఫ్ట్‌వేర్ సప్పుడు చేయకుండ నడుస్తది, నంబర్లు పడయి, ఎవ్వరికీ తెల్వదు. కాన్ఫిగ్‌ల 'కెమెరా ఉంది' అని రాసి ఉంటే, కెమెరా ప్యాకేజీ లేకపోతే స్క్రీన్ మీద ఎర్రగ అరవాలె. కాన్ఫిగ్‌ల లేకుంటే అడగనే అడగొద్దు.

కల్వకుర్తి_కెర్నల్

+1. సప్పుడు చేయని తప్పే పెద్ద తప్పు. నా పన్ను లెక్క సాక్షి.

ధర్మకాంట_తమ్మి

సరే అక్కా, అట్లనే రాస్త. లిబ్రేఆఫీస్ సంగతేంది మరి? రిపోర్టు అన్ని మిల్లులకు కావాలె. మొదట పీడీఎఫ్ చేసే రిపోర్ట్‌ల్యాబ్ పెట్టి చూసిన, ఒత్తులన్నీ విడిపోయినయి. 'మిర్యాలగూడ' రాస్తే యవత్తు పక్కకు జరిగి కూసున్నది. ఓనర్ ఊరి పేరు చూసి ఇదేం రాతరా అన్నడు. అందుకే లిబ్రేఆఫీస్‌కు పోయిన.

గద్వాల_జరీ

డెబియన్ 12లో ఉన్న రిపోర్ట్‌ల్యాబ్‌కు అక్షరాలను కూర్చే పని రాదు. ఒత్తులు కూర్చాలంటే హార్ఫ్‌బజ్ లాంటి అక్షరాల కూర్పు లైబ్రరీ లోపల ఉండాలి. వీజీప్రింట్ వాడు, అది పాంగో (అక్షరాలు కూర్చే లైబ్రరీ) మీద నడుస్తుంది, తెలుగు సరిగ్గా వస్తుంది. హెచ్‌టీఎంఎల్ రాసిస్తే పీడీఎఫ్ ఇస్తుంది. నేను షాపు బిల్లులకు అదే వాడుతున్నా. ఫాంట్ ప్యాకేజీని డిపెండ్స్‌లో రాయడం మాత్రం మరువకు, ఫాంట్ లేకుంటే అక్షరాల బదులు అన్నీ ఖాళీ గడులే.

ప్యాకేజీ_పంతులు

మంచి సలహా. ఒకవేళ లిబ్రేఆఫీసే కావాలంటే నోగుయ్ అని చివర ఉన్న ప్యాకేజీలున్నాయి, స్క్రీన్ లేని సర్వర్ల కోసం. జావాలో హెడ్‌లెస్ ఉన్నట్టు. అయితే మార్చగలిగినదాన్ని విడగొట్టకు. పని అందరికీ కావాలి, మోత మాత్రమే ఎక్కువ అంటే మోసేదాన్ని మార్చాలి.

సాగర్_ఎడమకాలువ

అంటే కెమెరా ఒక్కటే విడిగా. రెండే ప్యాకేజీలు. నేను మొదట అన్న ఒకటికి, పెంగ్విన్ అన్న నాలుగుకు మధ్యలో. నేనే దగ్గర.

పాలమూరు_పెంగ్విన్

పైక్యూటీ స్క్రీన్ మర్చిపోయినవ్. మూడు. నేనే దగ్గర.

ఊరపిచ్చుక

పైక్యూటీ ఎంతమందికి కావాలె తమ్మీ?

ధర్మకాంట_తమ్మి

పదకొండింటిల ఎనిమిది మందికి. మానిటర్ లేనివి మూడే.

ప్యాకేజీ_పంతులు

అక్కడ పిచ్చుక గారి మందు సరిపోతుంది. 'కాంటా-తెర' అని విడి ప్యాకేజీ, మూల ప్యాకేజీలో దానికి రికమెండ్స్. ఎనిమిది చోట్ల దానంతటదే వస్తుంది, మూడు చోట్ల వద్దని చెప్తావు. కెమెరాకు సజెస్ట్స్ మాత్రమే.

పాలమూరు_పెంగ్విన్

మూడు!! రాసి పెట్టుకోండ్రి.

కల్వకుర్తి_కెర్నల్

పాత మిల్లులల్ల అప్‌గ్రేడ్ ఎట్లా అనేది ఎవ్వరూ చెప్తలేరు. ఇది చూసుకో. కెమెరా ఉన్న రెండు మిల్లులల్ల ఇప్పుడు కెమెరా ఫైళ్ళు 'కాంటా'ల ఉన్నయి. కొత్త 'కాంటా' వేస్తే అవి మాయమైతయి, సజెస్ట్స్ కాబట్టి కెమెరా ప్యాకేజీ రాదు. ఆ తర్వాత ఎవడన్న ఆటోరిమూవ్ (ఎవ్వరికీ అవసరం లేని ప్యాకేజీలు తీసేసేది) కొడితే ఓపెన్‌సీవీ గూడ పోతది. కాబట్టి ఆ రెండు చోట్ల అప్‌గ్రేడ్ కొట్టకుండ, 'కాంటా-కెమెరా' పేరు పెట్టి నీ చేతులతోని ఇన్‌స్టాల్ కొట్టు. సమానం అని రాసినవ్ గనుక కొత్త 'కాంటా'ను అదే గుంజుకొస్తది, రెండూ ఒక్కసారే ఎక్కుతయి. బ్రేక్స్, రీప్లేసెస్ మర్చిపోతే నాకు ఫోన్ చేయకు.

ఇంకోటి, నీ స్క్రిప్టుల ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ ఉంటే అది కొత్త పేరున్న ప్యాకేజీని వేయదు, పాతదాన్ని అట్లనే ఆపి పెడుతది. ఉత్త ఆప్ట్ అప్‌గ్రేడ్ అయితే వేస్తది.

ధర్మకాంట_తమ్మి

నా స్క్రిప్టుల ఆప్ట్-గెటే ఉంది. మంచిగ చెప్పినవ్ అన్నా, లేకుంటే ఎందుకెక్కతలేదని వారం తిరుగుతుంటి.

ధర్మకాంట_తమ్మి

వారం తర్వాత వస్తున్న. మూడు ప్యాకేజీలు చేసిన (పెంగ్విన్ అన్న గెలిచిండు). లోగో చిన్నగ చేసి పెట్టిన, సీవీ2 మూలంకెళ్ళి పోయింది. రిపోర్టు వీజీప్రింట్, ఒత్తులు కింద కుదురుగ కూసున్నయి. నిన్న హుజూర్‌నగర్ దిక్కు కొత్త డబ్బా పెట్టిన, గుమస్తా చాయ్ తెప్పిచ్చేలోపు అయిపోయింది. చాయ్ మాత్రం తాగిన.

కెమెరా మిల్లులు రెండింటికి నేనే పోయిన, కెర్నల్ అన్న చెప్పినట్టు. మొదటిది బాగనే ఎక్కింది. రెండో దాంట్ల అంతా ఎక్కినాక స్క్రీన్ మీద ఎర్రగ అరిచింది, బాష్ అక్క పెట్టమన్న ఎర్రర్. ప్యాకేజీ ఉంది, కెమెరానే లేదట. పోయి చూస్తే వైరు పీకి ఉంది. దసరాకు లైట్ల సీరియల్ సెట్టు పెట్టేతందుకు ప్లగ్గు కావాల్నని తీసిండ్రట.

బతుకమ్మ_బాష్

దసరా సందా? మరి ఇన్ని రోజులు లారీ నంబర్లు ఎట్ల పడ్డయి?

ధర్మకాంట_తమ్మి

గుమస్తా. కిటికీల నుంచి చూసి టైపు కొడుతుండు.